గాలి లేని రోజు కెరటం ఎక్కడిది?

కళింగపట్నం ఒడ్డున ఆకు కదలని రోజుల్లో కూడా ఒక్కోసారి పెద్ద కెరటాలు తీరిగ్గా, పద్నాలుగు సెకన్లకొకటి చొప్పున వచ్చి పడుతుంటాయి. వాటిని రేపిన గాలి సిక్కోలుది కాదు, బంగాళాఖాతానిదీ కాదు. హిందూ మహాసముద్రం దక్షిణ కొసన, అంటార్కిటికా వైపు ఎప్పుడో చెలరేగిన తుఫానుది. లోతు నీటిలో 14 సెకన్ల అల పొడవు 300 మీటర్ల పైమాటే. దాని శక్తి రోజుకు 900 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. అంత దూరం నుంచి మన ఒడ్డుకు చేరాలంటే వారం దాటుతుంది.

ప్రయాణం సంగతి సరే. అసలు చిక్కు పుట్టుక దగ్గరుంది. గాలి మొదట రేపేది చిన్నచిన్న అలల్నే. మరి మూడొందల మీటర్ల అలను ఎవరు తయారుచేశారు?

చాలావరకు ఆ చిన్న అలలే. స్కూల్లో చెప్పిన ప్రకారం రెండు అలలు ఎదురుపడితే ఒకదాన్నొకటి దాటుకుని, ఏమీ జరగనట్టు వెళ్లిపోవాలి. నిజం నీళ్లు అంత బుద్ధిగా ఉండవు. దాటేటప్పుడు ఒకదాన్నొకటి కాస్త కదుపుతాయి. లోతు సముద్రంలో ఈ కదుపు నిలవాలంటే మూడు అలలు చాలవు, నాలుగు కలవాలి. రెండింటి పౌనఃపున్యాల (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతాయన్న లెక్క) మొత్తం మిగతా రెండింటి మొత్తానికి సరిపోవాలి, దిశలూ పొడవులూ కూడా అలాగే పొసగాలి. క్లాస్ హాసెల్‌మన్ 1962లో దీన్ని సముద్రమంతటికీ వర్తించే సమీకరణంగా రాశాడు. (వాతావరణ మార్పు మీద పనికి 2021లో నోబెల్ అందుకున్నదీ ఈయనే.) ఆ సమీకరణం ఏ కెరటం ఎక్కడ లేచిందో పట్టించుకోదు. ఏ పొడవు అలల్లో ఎంత శక్తి ఉందో, అది ఎటు జరుగుతోందో మాత్రమే చెబుతుంది. అలలు వేల సార్లు ఊగితే గానీ ఆ జరుగుడు పైకి కనిపించదు.

ఎటు జరుగుతుందనేదే ఇందులో నాకు బాగా నచ్చిన భాగం. నోట్ల మార్పిడి అనుకోండి. రెండు నోట్లిస్తే రెండే తిరిగి రావాలి, విలువ మొత్తం మారకూడదు. ఇక్కడ నోటు విలువ అంటే అల పౌనఃపున్యం (పొట్టి అలకు ఎక్కువ, పొడవు అలకు తక్కువ), మొత్తం విలువ అంటే శక్తి. అన్నీ వంద నోట్లతో మొదలుపెట్టారనుకుందాం. కొన్ని ఐదొందలు కావాలంటే, చాలా నోట్లు పదులూ ఇరవైలూ కాక తప్పదు. సముద్రంలోనూ అంతే. శక్తిలో కొంత పొట్టి అలల వైపు పోయి, నురగై విరిగి ఖర్చవుతుంది. నోట్ల లెక్క పొడవు అలల వైపు పేరుకుంటుంది. ఉత్తర సముద్రంలో కొలతలు తీసి 1973లో ప్రచురించిన ఫలితాల్లో ఈ జరుగుడు స్పష్టంగా కనిపించింది.

పొట్టి అలల వైపు ఇలా మెట్టు మెట్టుగా జరిగే శక్తికి ఒక స్థిరమైన రూపముందని రష్యన్ శాస్త్రవేత్త వ్లదీమిర్ జఖరోవ్, ఫిలొనెంకోతో కలిసి 1960ల్లోనే కచ్చితంగా సాధించాడు: పౌనఃపున్యం రెట్టింపైతే అక్కడి శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. నీటిలోనో గాలిలోనో సుడులు తిరిగే అల్లకల్లోల ప్రవాహానికి (టర్బులెన్స్) గణితజ్ఞుడు కొల్మొగొరోవ్ 1941లో ఇలాంటి సూత్రమే ఇచ్చాడు గానీ, దాన్ని ద్రవాల మూల సమీకరణాల నుంచి ఈనాటికీ ఎవరూ పూర్తిగా రాబట్టలేదు. అలలు ఒకదాన్నొకటి కదిపేది బలహీనంగా కావడమే ఇక్కడ గణితానికి కలిసొచ్చింది. అలాగని పని తేలిక కాదు. అలల మూల సమీకరణం నుంచి ఇలాంటి గణాంక సమీకరణం నిజంగానే వస్తుందని, అదీ సముద్రం కంటే సరళమైన ఒక నమూనాకు, గణితజ్ఞులు యూ డెంగ్, జహేర్ హానీ 2021లో గానీ నిరూపించలేకపోయారు.

హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంటుంది. అలల అంచనాకు వాడే ఆధునిక మోడళ్లలో ఈ నాలుగలల లెక్క ఉంటుంది. పూర్తిగా చేస్తే కంప్యూటర్‌కే భారం కాబట్టి కుదించి వాడతారు.

ఒడ్డు దగ్గర మాత్రం ఈ సిద్ధాంతం పనిచేయదు. రెండు మీటర్ల లోతులో పొడవు అలలన్నీ దాదాపు ఒకే వేగంతో, సెకనుకు నాలుగున్నర మీటర్లతో నడుస్తాయి. కలిసి నడిచే అలలు ఒకదాన్నొకటి కదపడానికి బోలెడు సమయం దొరుకుతుంది, బలహీనత అనే షరతే పోతుంది. భావనపాడులోనో బారువలోనో పడవ దాటాల్సిన విరిగిపడే కెరటాల వరసకు వేరే గణితం కావాలి.