పగిలిన గంట ఊరి నుంచి నానమ్మ ఉత్తరం

చింటూకి, అమ్ములుకి,

మొన్న ఫోన్లో చింటూగాడు "నానమ్మా, ఫిలడెల్ఫియాలో రాకీ సినిమా మెట్లు తప్ప ఇంకేముంది?" అన్నాడు. జవాబు చెప్పబోతుంటే మీ అమ్మ ఫోన్ లాక్కుని వీసా సంగతులు మొదలుపెట్టింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. పెద్ద ఉత్తరమే. ఒక్క ఊపులో చదివేయక్కర్లేదు, అన్నాలయ్యాక కాస్త, పడుకోబోయే ముందు కాస్త చదువుకోండి.

మీ అత్తావాళ్ళ ఇల్లు ఊరి బయట. లోకల్ ట్రైన్ ఎక్కితే ఊరి నడిబొడ్డున దిగుతాం. ఈ ఆరు నెలల్లో తొమ్మిది సార్లు వెళ్ళొచ్చాను, నాలుగోసారి నుంచీ ఒక్కదాన్నే. నా గొప్పేం లేదు, ఈ ఊళ్ళో దారి తప్పడమే కష్టం. 1682లో విలియం పెన్ అనే ఆయన ఈ ఊరికి ప్లాన్ వేయించినప్పుడు చదరంగం బల్లలా గీయించాడు. నిలువు వీధులకి నంబర్లు, అడ్డ వీధులకి చాలావాటికి చెట్ల పేర్లు: వాల్‌నట్, చెస్ట్‌నట్, స్ప్రూస్, పైన్. ఆరో వీధీ చెస్ట్‌నట్ వీధీ కలిసే చోటు అంటే చాలు, ఎవర్నీ అడక్కుండా వెళ్ళిపోవచ్చు. మన బ్రాడీపేట అడ్డరోడ్లు తెలిసినవాళ్ళకి ఇది చిటికెలో పని.

ముందు గంట దగ్గరికి వెళ్దాం. లిబర్టీ బెల్ అంటారు. టికెట్ లేదు, బ్యాగులు మాత్రం చూసి పంపిస్తారు. నేను ముప్ఫై ఏళ్ళు సోషల్ టీచర్ని కదా, పిల్లలకి ఈ గంట బొమ్మ పుస్తకంలో చూపించి "స్వాతంత్ర్యం వచ్చిన ఆనందంలో మోగించీ మోగించీ పగిలింది" అని చెప్పేసేదాన్ని. ఎక్కడ విన్నానో గుర్తు లేదు. అది తప్పు. ఇప్పుడు దిద్దుకుంటున్నాను.

1751లో లండన్‌లో ఆర్డరిచ్చారు. మరుసటేడు ఓడలో దిగింది. సరే, మోగుతుందో లేదో చూద్దామని కొట్టారు, కొట్టగానే పగిలింది. పాస్, స్టో అని ఇక్కడి పనివాళ్ళిద్దరు దాన్ని కరిగించి మళ్ళీ పోత పోశారు. ఆ మోత ఎవరికీ నచ్చలేదు. మళ్ళీ కరిగించి ఇంకోసారి పోశారు. మీరు చూడబోయేది ఆ మూడో గంట. దాదాపు 940 కిలోలు. మీద వాళ్ళిద్దరి పేర్లూ ఉంటాయి, చూడండి. పెన్సిల్వేనియా స్పెల్లింగులో ఒక 'ఎన్' తక్కువ ఉంటుంది. అమ్ములు వెంటనే పట్టేస్తుందని తెలుసు. అప్పట్లో అలా కూడా రాసేవారట, కాబట్టి ఎర్రపెన్ను తీయొద్దు.

ఇక పగులు. పుస్తకంలో కనిపించే ఆ వెడల్పాటి చీలిక ఉంది చూశారూ, అది పగులు కాదు, మరమ్మతు! అసలు పగులు సన్నటి గీత. దాని అంచులు ఒకదానికొకటి రాసుకుని జీర శబ్దం రాకుండా ఉండాలని 1846లో డ్రిల్లుతో తొలిచి దాన్ని వెడల్పు చేశారు. జార్జి వాషింగ్టన్ పుట్టినరోజుకి మోగించాలని వాళ్ళ ఆశ. మోగించారు కూడా. అంతే, చీలిక పై కొస నుంచి ఇంకో సన్నటి గీత పైకి పాకింది. ఆ దెబ్బతో దాని గొంతు పోయింది. దగ్గరికి వెళ్ళి చీలిక లోపలి అంచుల్ని చూడండి, పంటి గాట్లలా వరసగా గాట్లుంటాయి. అవి డ్రిల్లు గుర్తులు, నలభైకి పైనే. నేను ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టాను, ఈలోగా వెనక ఎవరో ఫోటోకి జరగమన్నారు.

దానికి లిబర్టీ బెల్ అన్న పేరు కూడా 1776లో వచ్చింది కాదు. "ఈ దేశంలో ఉన్నవాళ్ళందరికీ స్వేచ్ఛ చాటండి" అని బైబిల్ వాక్యం ఒకటి దాని మీద ఉంది. 1830ల్లో బానిసత్వం పోవాలని పోరాడేవాళ్ళ కంట పడింది ఆ మాట. అందరికీ అని రాసుకుని కొందరిని బానిసలుగా ఎలా ఉంచుతారని అడుగుతూ, ఆ గంటకి ఆ పేరు పెట్టుకున్నారు.

ఈ మాట బుర్రలో ఉంచుకుని బయటికి రండి. గంట భవనం గుమ్మం పక్కనే పైకప్పు లేని మొండిగోడల ఇల్లొకటి ఉంటుంది. జనం దాని ముందు నుంచే వెళ్ళిపోతుంటారు, చాలామంది ఆగరు. మీరు ఆగండి. ఈ ఊరు దేశ రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రెసిడెంట్ వాషింగ్టన్ కాపురం ఉన్న చోటది. ఆ ఇంట్లో ఆయన తొమ్మిదిమంది బానిసల్ని ఉంచుకున్నాడు. వాళ్ళ పేర్లు అక్కడ రాతిగోడ మీద చెక్కి ఉన్నాయి. పెన్సిల్వేనియాలో 1780లోనే ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం బయటి నుంచి తెచ్చిన బానిస ఇక్కడ ఆరు నెలలు ఉంటే స్వేచ్ఛ అడగొచ్చు. అందుకని ఆరు నెలలు నిండకుండా వాళ్ళని రాష్ట్రం దాటించి మళ్ళీ తీసుకొచ్చేవారు. అంత పెద్దమనిషి చేసిన పని ఇది!

ఆ తొమ్మిది పేర్లలో ఓనా జడ్జ్ అని వెతకండి. ఇరవై రెండేళ్ళ పిల్ల. వాషింగ్టన్ భార్యకి దుస్తులు కుట్టడం, ఆవిణ్ణి ముస్తాబు చేయడం ఆమె పని. తనని ఆవిడ మనవరాలికి పెళ్ళి కానుకగా ఇచ్చేస్తారని తెలిసింది. 1796 మే నెలలో ఒకరోజు, ఇంటివాళ్ళు భోజనానికి కూర్చున్న వేళ, గుమ్మం దాటి ఓడెక్కి న్యూ హాంప్‌షైర్ వెళ్ళిపోయింది. పట్టిస్తే పది డాలర్లు ఇస్తామని పేపర్లో వేశారు, వెతికించారు. ఎక్కడుందో తెలిసింది గానీ వెనక్కి తేలేకపోయారు. 1848లో పోయేదాకా కాగితాల ప్రకారం ఆమె పారిపోయిన బానిసే. నా ముప్ఫై ఏళ్ళ పాఠాల్లో ఈ పేరు ఒక్కసారీ రాలేదర్రా.

రోడ్డు దాటితే ఇండిపెండెన్స్ హాల్. దీనికి మాత్రం టైమ్ వేసిన టికెట్ ముందే తీసుకోవాలి. మీ అత్త తీస్తుంది. నేను మొదటిసారి పొద్దున్నే పులిహోర కలుపుతూ కూర్చుని ట్రైన్ తప్పించాను, టికెట్ టైమ్ దాటిపోయింది. మీ అత్త ఒక్క మాట అన్లేదు గానీ ఆ పులిహోర మాత్రం ముట్టుకోలేదు. కాబట్టి ఆ రోజుకి బ్రెడ్డే.

లోపల పెద్ద గది. ఆకుపచ్చ గుడ్డలు కప్పిన బల్లలు, మైనపు వత్తులు, ఈక కలాలు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన, 1787లో రాజ్యాంగం, రెండూ ఈ ఒక్క గదిలోనే. సామాన్లలో ఎక్కువ భాగం ఆ కాలానివి తెచ్చి అమర్చినవి. ఎదురుగా ఎత్తు మీద ఉన్న కుర్చీ మాత్రం అసలుది, వాషింగ్టన్ కూర్చున్నది. దాని వీపు పైన సగం సూర్యుడు చెక్కి ఉంటాడు. రాజ్యాంగం మీద సంతకాలు పెడుతుంటే ఈ ఊరి పెద్దాయన, 81 ఏళ్ళ బెంజమిన్ ఫ్రాంక్లిన్ పక్కవాళ్ళతో అన్నాడట: ఇన్ని నెలలుగా ఆ సూర్యుణ్ణి చూస్తున్నాను, ఉదయిస్తున్నాడో అస్తమిస్తున్నాడో తేల్చుకోలేకపోయాను, ఇవాళ తెలిసింది, ఉదయిస్తున్నాడు అని. పోట్లాటల మధ్య నాలుగు నెలలు ఆ గదిలో వేసవి ఉక్కలో కూర్చున్నారు. ఇక్కడి జులై ఉక్కపోత ఎలా ఉంటుందో మీరే చూస్తారుగా, బెజవాడ గుర్తొస్తుంది.

ఆకలేస్తే రెడింగ్ టెర్మినల్ మార్కెట్. ఇంగ్లీషులో చూస్తే 'చదవడం' అన్నట్టు ఉంటుంది, కానీ అది ఒక ఊరి పేరు, రెడింగ్ అనాలి. 1893లో రైల్వే స్టేషన్ కింద పెట్టిన బజారు. వేడివేడి ప్రెట్జెల్ తినండి, ఆమిష్ వాళ్ళు, అంటే పాతకాలపు పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ శాఖ వాళ్ళు, మన కళ్ళ ముందే మెలిపెట్టి కాలుస్తారు. ఆదివారం వాళ్ళ కొట్లు ఉండవు. ఈ ఊరి పేరు చెప్పగానే అందరూ అనే చీజ్‌స్టేక్‌లో ఉండేది గొడ్డుమాంసం, మీ అమ్మకి ముందే చెప్పండి.

ఫ్రాంక్లిన్ ఇల్లు చూద్దామని వెళ్తే నేను మొదట బిక్కమొహం వేశాను. ఇల్లు లేదు! 1812లో మనవలు పడగొట్టేశారు. మనవలంటే అంతే మరి. అది ఎలా ఉండేదో సరైన బొమ్మ దొరకలేదు. ఊహించి కట్టడం ఎందుకని 1976లో తెల్లటి ఉక్కు దూలాలతో ఇంటి ఆకారం మాత్రం, గాలిలో గీత గీసినట్టు, నిలబెట్టారు. గోడల్లేవు, తలుపుల్లేవు. మధ్యలోంచి పిచ్చుకలు ఎగురుతుంటాయి. కింద నాపరాళ్ళ మీద ఫ్రాంక్లిన్‌కీ భార్య డెబోరాకీ మధ్య నడిచిన ఉత్తరాల ముక్కలు చెక్కారు. ఇల్లు కడుతుండగా మధ్యలోనే ఆయన లండన్ వెళ్ళిపోయాడు. అక్కణ్ణించే ఉత్తరాల్లో పురమాయింపులు, ఇక్కడ కష్టమంతా ఆవిడది. మీ తాతయ్య డ్యూటీలో ఉండగా మన ఇల్లు లేచింది కూడా అలాగే, అందుకే ఆ రాళ్ళ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను.

అక్కణ్ణించి నడిచేంత దూరంలో ఎల్‌ఫ్రెత్స్ ఆలీ అని ఒక సందు. పొట్టి పొట్టి ఇటుక ఇళ్ళు 32, మూడువందల ఏళ్ళ నాటి సందు, ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. కిటికీల్లోకి తొంగి చూడకండి. మేడ మీది కిటికీల బయట మాత్రం చూడండి, కొన్నింటికి మూడు చిన్న అద్దాలు కలిపి ఒక కమ్మీకి బిగించి ఉంటాయి. తలుపు ఎవరు కొట్టారో కిందికి దిగకుండా పైనుంచే చూసుకోవడానికి. దాని పేరు బిజీబాడీ, అంటే ఊళ్ళో వాళ్ళ సంగతులన్నీ కావాల్సిన మనిషి. మన పక్కింటి బామ్మగారికి ఒకటి కొనిపెడదామని అత్తతో అంటే పడీ పడీ నవ్వింది.

చింటూకి నచ్చే చోటు ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్. మనిషి లోపలికెళ్ళి నడిచేంత గుండె ఉంది, 1954 నుంచీ. అంత గుండె కావాలంటే మనిషి 220 అడుగుల పొడవుండాలట. సరే, అది అందరూ చూస్తారు. నాకు నచ్చింది ఇంకొకటి. 1928లో ఒక కుటుంబం వాళ్ళు కాలిపోయిన ఇత్తడి సామాను పట్టుకొచ్చి ఇచ్చారు, ఇదొక మరబొమ్మ, ఒకప్పుడు తనే రాసేది, గీసేదట అని చెప్పి. దాన్ని చేసింది ఫలానా ఆయన అని వాళ్ళు ఒక పేరు అనుకునేవారు. ఇక్కడి మెకానిక్ ఒకాయన ఓపిగ్గా బాగుచేసి కీ ఇచ్చాడు. బొమ్మ తల వంచి, కలం కదిపి, ఓడా గుడీ గీసింది, పద్యాలు రాసింది. ఆఖరి పద్యం చుట్టూ అంచులో ఫ్రెంచిలో ఇలా రాసింది: "మయార్డే మరబొమ్మ రాసినది". వాళ్ళనుకున్నది వేరే మనిషిని. నన్ను చేసింది ఫలానా అని బొమ్మ తనే చెప్పుకుంది! 1800 ప్రాంతంలో చేసిన యంత్రం, దాని జ్ఞాపకమంతా ఇత్తడి చక్రాల అంచుల్లో ఎత్తుపల్లాలుగా ఉంది. రోజూ రాయించరు, గాజు వెనక నిలబడి ఆ చక్రాలు చూడొచ్చు.

ఇప్పుడు నీ రాకీ మెట్లు, ఆర్ట్ మ్యూజియం ముందువి. 72. పరిగెత్తండి, నేను కింద బెంచీ మీద మీ చెప్పులు కాపలా కాస్తాను. పైకెక్కాక వెనక్కి తిరిగి చూడండి. తిన్నగా దూరాన సిటీ హాల్ గోపురం, దాని మీద విలియం పెన్ విగ్రహం, 37 అడుగులు. ఆయన టోపీ కన్నా ఎత్తు ఎవరూ కట్టకూడదని ఊళ్ళో ఒక నోటి ఒప్పందం ఉండేది. 1987లో ఒక అద్దాల మేడ దాన్ని దాటేసింది. ఇక ఊరి టీమ్‌లు కప్పులన్నీ ఓడిపోతుంటే పెన్ శాపమన్నారు. ఆ విగ్రహం చేసింది కాల్డర్ అనే శిల్పి. దారి మధ్యలో కనిపించే ఫౌంటెన్ ఆయన కొడుకుది. మీ వెనక మ్యూజియం లోపల పైనుంచి వేలాడే తెల్ల రేకుల బొమ్మ మనవడిది. తాత, తండ్రి, మనవడు, ఒకే వరసలో.

మ్యూజియంలో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. లోపలికి వెళ్ళి, ఇండియా గదులు అడగండి. ఒక గుమ్మం దాటగానే మసక వెలుతురులో నల్లరాతి స్తంభాలు. నేను చెప్పులు విప్పేశాను. అక్కడి గార్డు చూసి, పర్లేదన్నట్టు తల ఊపాడు.

అది మదురై మదనగోపాలస్వామి గుడి మండపం. 1560 ప్రాంతం నాటిది, నాయకుల కాలం. ఆ నాయకులు విజయనగరం తరఫున అరవదేశం ఏలిన తెలుగువాళ్ళే. ఎప్పుడో కూలి గుడి ఆవరణలో రాళ్ళకుప్పగా పడి ఉంటే, 1912లో ఈ ఊరి నుంచి వచ్చిన ఆడలీన్ గిబ్సన్ అనే ఆవిడ కొని ఓడలో వేయించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో నర్సుగా పనిచేయడానికి వెళ్ళి 1919లో అక్కడే పోయింది. అదే ఏడు ఇంటివాళ్ళు ఆ రాళ్ళని మ్యూజియానికి ఇచ్చేశారు. కొనొచ్చా, అమ్మొచ్చా, గుడిరాయి అసలు ఎవరిదని నన్నడక్కండి. అమ్ములు అడుగుతుందని తెలుసు. అక్కడ బెంచీ ఉంది, ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. నేను రెండు మాటలూ అనుకున్నాను, ఒకటి కోపంగా, ఒకటి కాదు. హనుమంతుడి దగ్గర రాయి నున్నగా మెరుస్తుంది. గుళ్ళో ఉన్నన్నాళ్ళు ఎంతమంది చేతులు తగిలాయో అనుకుని నా చెయ్యీ చాచబోయాను. ముట్టుకోకూడదని బోర్డు.

జైలొకటి మిగిలింది, ఈస్టర్న్ స్టేట్. 1829లో తెరిచారు. ఖైదీకి మనిషి మొహమే కనపడకూడదని కట్టారు. పిల్లలకెందుకు అంటుంది అత్త. నేను చూపించాలంటాను. మీరొచ్చాక తేల్చుకుంటాం.

ఈ ఉత్తరం ఫ్రాంక్లిన్ ఇంటి వీధిలోని పోస్టాఫీసు నుంచి వేస్తున్నాను. అక్కడ "బి. ఫ్రీ ఫ్రాంక్లిన్" అన్న ముద్ర చేత్తో వేస్తారు. పోస్ట్‌మాస్టరుగా ఆయన సంతకం పెట్టేవాడే అలా. కవరు చింపేటప్పుడు స్టాంపు వైపు జాగ్రత్త. తడిపి ఊడదీయకుండా కవరుతో సహా తాతయ్య బిస్కెట్ డబ్బాలో పెట్టండి. వచ్చేటప్పుడు మెత్తటి బూట్లు, ఎల్‌ఫ్రెత్స్ సందులో గుండ్రాళ్ళ మీద చెప్పులు నడవవు. కందిపొడి చెకిన్ పెట్టెలో వేయమని మీ అమ్మకి చెప్పండి, చేతిసంచిలో వద్దు.

మీ నానమ్మ