లోహాన్ని పట్టుకున్న సూక్ష్మజీవి

1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి చర్మంలోకి స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాను ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పట్టడానికి లక్షల సంఖ్యలో బ్యాక్టీరియా కావాలి. అక్కడే పట్టుదారంతో ఒక కుట్టు ఉంటే కొన్ని వందలు చాలాయి. ఒంట్లో పరాయి వస్తువు ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్ ఎంత సులువుగా పాతుకుపోతుందో ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం నాకు మరొకటి కనబడలేదు.

పూడిన ధమనిని తెరిచి ఉంచడానికి లోపల వేసే సన్నని లోహపు తీగల జాలీ, అంటే స్టెంట్ కూడా పరాయి వస్తువే. మనిషి గుండె ధమనిలో మొదటి స్టెంట్‌ను 1986లో అమర్చారు. ఆ తర్వాత లక్షలాది ప్రాణాలను అది నిలబెట్టింది. గుండె స్టెంట్‌కు ఇన్‌ఫెక్షన్ సోకడం చాలా అరుదు, వెయ్యి మందిలో ఒక్కరికి కూడా రాదు. కాబట్టి స్టెంట్ వేయించుకున్నవారు దీన్ని తలచుకుని భయపడనక్కరలేదు. కానీ సోకిందంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కువసార్లు దోషి స్టెఫైలోకాకస్ ఆరియస్. మన చర్మం మీద, ముక్కులో నివాసం ఉండే జీవే. స్టెంట్ వేయడానికి గజ్జలోనో మణికట్టు దగ్గరో ధమనిలోకి గొట్టం దించినప్పుడు ఇది దారి చేసుకోగలదు. ఆ గొట్టాన్ని ఎక్కువసేపు తీయకుండా ఉంచినా, అదే చోటును మళ్ళీ మళ్ళీ వాడినా, అక్కడ నెత్తురు గడ్డకట్టినా ముప్పు పెరుగుతుంది. లోహపు తీగకు అంటుకున్నాక ఈ బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. తెల్ల రక్తకణాలకు ఆ పొర లోపలికి చొరబడడం కష్టం. లోపలి బ్యాక్టీరియాలో చాలా భాగం పెరగడం మానేసి మందకొడిగా పడి ఉంటుంది. పెరుగుతున్న కణాలను దెబ్బకొట్టే యాంటీబయాటిక్ వాటినేమీ చేయలేదు.

ఇక్కడ నన్ను ఆలోచనలో పడేసే విషయం ఒకటుంది. ధమని మళ్ళీ పూడిపోకుండా కొన్ని స్టెంట్లకు సిరోలిమస్ అనే మందు పూస్తారు. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారిలో రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు కూడా ఇదే. అది కణాల పెరుగుదలను అడ్డుకుంటుంది కనుక పూడిక వచ్చే అవకాశం తగ్గుతుంది. కానీ లోహాన్ని కప్పేయవలసిన ధమని లోపలి పొర ఎదగడం కూడా ఆలస్యమవుతుంది. అన్నాళ్ళూ లోహం నెత్తురుకు తగులుతూనే ఉంటుంది.

ఇన్‌ఫెక్షన్ సోకితే, స్టెంట్ వేసిన కొన్ని రోజులకో వారాలకో జ్వరం, ఛాతీ నొప్పి మొదలవుతాయి. ధమని గోడ చీకి, ఉబ్బి, ఒక్కోసారి పగులుతుంది. నరంలోకి వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించవలసి వస్తుంది. అవి చాలకపోతే గుండె ఆపరేషన్ చేసి, గోడలో కూరుకుపోయిన స్టెంట్‌ను ధమని ముక్కతో సహా తీసేస్తారు.

జ్వరానికి కారణాలు వంద ఉంటాయి, అందుకే అనుమానం స్టెంట్ మీదికి ఆలస్యంగా పోతుంది. తేల్చి చెప్పే ముఖ్యమైన పరీక్ష బ్లడ్ కల్చర్, అంటే నెత్తురులో బ్యాక్టీరియా ఉందేమో ల్యాబ్‌లో పెంచి చూడడం. దానికి నెత్తురు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. ముందుగా వేసుకున్న ఒకటి రెండు మాత్రలు కూడా కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగకుండా చేసి, అసలు దోషిని దాచేయగలవు.