సకురా రాలిన తరువాత జపాన్: అపోహలు – వాస్తవాలు

తెలుగు కుటుంబాలను జపాన్ యాత్రకు తీసుకువెళ్లడం నా వృత్తి. బడులకు వేసవి సెలవులు కనుక, ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా ఉన్న కాలం గురించే ఎక్కువ మంది అడుగుతారు. ఆ కాలం గురించి మనవారికి ఉన్న అపోహల్లో చాలా వాటికి మూలం ఒక్కటే: దేశమంతటా ఋతువు ఒకేసారి మారుతుందన్న నమ్మకం.

అపోహ: సకురా (చెర్రీ పూలు) రాలిపోయాక చూడదగినదేమీ మిగలదు.

వాస్తవం: టోక్యో, క్యోటోలలో సకురా సాధారణంగా మార్చి చివర, ఏప్రిల్ తొలి రోజుల్లో విరబూసి త్వరలోనే రాలిపోతుంది. అయితే పూత దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది కనుక, రెండున్నర వేల చెట్లకు పైగా ఉన్న హిరొసాకి కోట ఏప్రిల్ ద్వితీయార్ధంలోనూ, హొక్కైడోలోని హకొదాతె, సప్పొరో నగరాలు ఆ నెల చివర, మే ఆరంభంలోనూ పూలతో నిండుతాయి. ఇటీవలి ఏళ్లలో పూత మునుపటి కంటే ముందే వస్తోంది కాబట్టి, పాత మార్గదర్శక పుస్తకంలోని తేదీని నమ్మి టికెట్లు కొనడాన్ని నేను ప్రోత్సహించను.

నిజానికి నాకు సకురా కంటే ఆ తరువాతి పూలే ఎక్కువ ఇష్టం. తోచిగి రాష్ట్రంలోని అషికాగ పూలవనంలో, మన రేల గుత్తుల్లా కిందికి వేలాడే విస్టీరియా ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య దాకా రంగుల వారీగా వరుసగా పూస్తుంది. అక్కడి మహావృక్షం వయసు నూట యాభై ఏళ్లు దాటింది. దానిని 1996లో వేరేచోటి నుంచి పెకలించి తెచ్చి నాటారు. ప్రవేశ రుసుము కూడా ఆనాటి పూత స్థాయిని బట్టి మారుతుంది. ఇబరాకిలోని హితాచి సముద్రతీర ఉద్యానంలో నీలి నెమొఫిలా పూలు కొండవాలును కప్పేసేదీ దాదాపు ఇదే సమయంలో. ఇక తతెయామ–కురొబె పర్వతమార్గంలో, 2,450 మీటర్ల ఎత్తున ఉన్న మురొదో వద్ద, రోడ్డుకు ఇరువైపులా నిలువుగా కోసిన మంచు గోడల నడుమ జూన్ దాకా నడవవచ్చు. టోక్యోలో పగటిపూట చొక్కాతో తిరిగిన ప్రయాణికుడికి అక్కడ చలికోటు తప్పనిసరి.

అపోహ: గోల్డెన్ వీక్ అనే సెలవుల వారంలో అన్నీ మూసివేస్తారు.

వాస్తవం: ఏప్రిల్ 29, మే 3, 4, 5 తేదీలు జాతీయ సెలవులు; మధ్యలోవి పనిదినాలే. బ్యాంకులు, చాలా క్లినిక్‌లు మూసి ఉన్నా ఆలయాలు, ఉద్యానాలు, దుకాణాలు తెరిచే ఉంటాయి. ఇబ్బంది జనసమ్మర్దంతోనే, అందులోనూ మే 3 నుంచి 5 వరకు. ఈ రద్దీ కాలంలో నొజొమి షింకన్‌సెన్ (బుల్లెట్) రైళ్లలో అన్ని సీట్లనూ రిజర్వేషన్‌కే కేటాయిస్తారు. ఆ రిజర్వేషన్ ప్రయాణానికి సరిగ్గా నెల ముందు ఉదయం 10 గంటలకు మొదలవుతుంది. మన పిల్లల బడులు జూన్ రెండో వారం దాకా తెరవరు కనుక, సెలవులు ముగిసిన తరువాతి వారంలో టోక్యోలో దిగమని నా సలహా. గదుల ధరలు తగ్గుతాయి, దారులు ఖాళీ అవుతాయి. క్యోటో, నారాలలో మాత్రం అప్పుడు యూనిఫాంలలో విహారయాత్రకు వచ్చిన జపాన్ విద్యార్థులు ఎదురవుతారు. వారితో కలిసి నారా జింకలను చూడటం మన పిల్లలకు నచ్చే విషయమే.

అపోహ: అక్కడి పండుగలూ తిథిని బట్టి ఏటా మారతాయి.

వాస్తవం: జపాన్ 1873లో గ్రెగోరియన్ క్యాలెండర్‌ను స్వీకరించి, చాలా పాత పండుగలను కొత్త నెలల్లోని అవే అంకెలకు మార్చింది. ఐదో నెల ఐదో రోజు వేడుక ఒకప్పుడు ఇంచుమించు జూన్‌లో, వర్షాల వేళ వచ్చేది. ఇప్పుడు మే 5న, ఆరుబయట ఎండలో చేప ఆకారపు జెండాలు ఎగురుతుండగా వస్తోంది. మగపిల్లల పండుగగా ఉన్న ఆ రోజును 1948 నాటి చట్టం బాలల దినంగా మార్చి, తల్లికి కృతజ్ఞత తెలిపే రోజుగానూ పేర్కొన్నది. క్యోటోలోని అఒయి ఊరేగింపు మే 15న జరుగుతుంది, వాన పడితే మర్నాటికి వాయిదా వేస్తారు. టోక్యో అసాకుసాలోని సంజ ఉత్సవం మాత్రం మే మూడో వారాంతాన్ని పట్టి వస్తుంది.

అపోహ: మే 5న జపనీయులు ఆనవాయితీగా స్నానపు నీటిలో వేసేవి ఐరిస్ పూలమొక్క ఆకులు.

వాస్తవం: అవి మన ఇళ్లలో పసిపిల్లలకు అరగదీసి నాకించే వస మొక్క ఆకులు. ఈ సంగతి చెప్పినప్పుడు మా బృందాల్లోని నాయనమ్మలు, అమ్మమ్మలు ఆకును నలిపి వాసన చూసి వెంటనే గుర్తుపడతారు. అందమైన ఐరిస్ పూలు వేరు; టోక్యోలోని మెయిజి జింగూ ఆలయపు లోపలి తోటలో అవి జూన్‌లో పూస్తాయి.

అపోహ: మే అంటే వానాకాలం.

వాస్తవం: దక్షిణాన ఉన్న ఒకినావా దీవులకు ఇది వర్తిస్తుంది, అక్కడ వానలు సగటున మే 10 ప్రాంతంలో మొదలవుతాయి. క్యుషు ఉత్తర భాగం, క్యోటో, టోక్యోలకు అవి జూన్ తొలి వారంలో చేరతాయి. హొక్కైడోకు అధికారికంగా ఆ వానాకాలమే లేదు. కాబట్టి జూన్‌లో మాత్రమే సెలవు దొరికినవారు సప్పొరో వైపు వెళ్లవచ్చు, లేదా గొడుగు పట్టుకుని కామాకురలోని మెయిగెత్సు-ఇన్ ఆలయంలో హైడ్రేంజియా పూలు చూడవచ్చు.

ఫుజి పర్వతం ఎక్కుతామని మే నెలలో అడిగేవారికి ఒక్క మాట: పైన ఇంకా మంచు ఉంటుంది, యొషిదా మార్గం జూలైలోగానీ తెరవరు.