సముద్రం అట్లాసులో పెన్న ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవెంత అని గ్రూప్స్‌కు చదివినవాళ్లను నిద్రలో లేపి అడిగినా 974 కిలోమీటర్లు అంటారు. ఆ లెక్క మారిపోయింది. కేంద్ర హోంశాఖ 2023-24 వార్షిక నివేదిక ప్రకారం మన తీరం 1,053 కిలోమీటర్లు. దేశం మొత్తానిది 7,516 నుంచి 11,098కి పెరిగింది. ఇన్నేళ్లూ మన వెనకే ఉన్న తమిళనాడు 1,068తో మనల్ని దాటేసింది. కాంపిటీటివ్ గైడ్లు మార్చుకోవాల్సిందే.

నేల అంత పెరిగిందా అంటే లేదు. 1970ల్లో కొలిచింది 1:45,00,000 స్కేలు పటం మీద. అంత చిన్న పటంలో నదులు సముద్రంలో కలిసే మొగలు, ఉప్పునీటి కయ్యలు, దిబ్బల వంపులు గీతలో కలిసిపోతాయి. ఈసారి 1:2,50,000 స్కేలులో చూసేసరికి అవన్నీ లెక్కలోకి వచ్చాయి. ఇంకా దగ్గరికెళ్లి కొలిస్తే ఇంకా పెరుగుతుంది. పొడవు దగ్గరే ఇంత తేడా ఉంటే చేపలు పడే చోట్లు, మడ అడవులు, రొయ్యల చెరువులు, కోతకు గురవుతున్న ఊళ్ల సంగతి చెప్పేదేముంది? ఒక్కో వివరం ఒక్కో శాఖ దగ్గర, ఒక్కో స్కేలులో, ఒక్కో ఏడాదిది ఉంటుంది. వీటన్నిటినీ ఒకే చోట, అందరికీ కనబడేలా పెట్టే ఉమ్మడి డిజిటల్ అట్లాస్ కావాలన్న మాట అందుకే వస్తోంది. సముద్రమే లేని కడపలో కూర్చుని దాని గురించి రాయడమేంటని ఎవరికైనా అనిపించొచ్చు. ఆ సంగతికే వస్తున్నా.

ముందు, ఈ పటాలు ఎందుకు విడిపోయి ఉన్నాయో చూడాలి. చాలాకాలం తీరం పటాలు మామూలు మనిషికి దొరికేవే కావు. దేశ సరిహద్దుల్లాగే సముద్రం ఒడ్డు నుంచి సుమారు 80 కిలోమీటర్ల లోపలి దాకా సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల (నేల వివరాలన్నీ ఉండే పటాల) మీద రక్షణ కారణాలతో ఆంక్షలుండేవి. అనంతపురం షీటు దొరికేది, నెల్లూరు షీటు కావాలంటే అనుమతుల చుట్టూ తిరగాలి. 2005 జాతీయ మ్యాప్ విధానంలో రక్షణకు ఒక వరస, జనానికి ఒక వరస అని పటాలను విడదీశారు. 2009లో ఇస్రో ఉపగ్రహ పటాల వేదిక భువన్ వచ్చింది. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో మన దేశస్థులు మ్యాపులు తయారు చేసుకోవడానికి ముందస్తు అనుమతి అవసరం చాలావరకు పోయింది. అప్పటికే ప్రతి ఫోనులోనూ నెల్లూరు మైపాడు బీచ్ కనిపిస్తోంది, అది వేరే విషయం.

రెండో పాయ చట్టానిది. 1991 ఫిబ్రవరి 19న తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ వచ్చింది. పోటు గీత, అంటే పోటు సమయంలో సముద్రం ఎక్కే హద్దు, నుంచి 500 మీటర్ల లోపు ఏం కట్టొచ్చు, ఏం కట్టకూడదు అన్నది దాని సారం. రాష్ట్రాలు ప్రణాళికలు వేయకుండా నాన్చుతుంటే 1996లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. 2011లో ఒకసారి, 2019లో ఒకసారి నిబంధనలు మార్చారు. పోటు గీత ఎటు జరిగితే ఎవరి చెరువు ఉంటుంది, ఎవరి రిసార్టు పోతుంది అన్న టెన్షన్‌లోనే ఆ పటాలు తయారయ్యాయి. పర్మిషన్ కోసం గీసిన పటంలో పర్మిషన్‌కు పనికొచ్చేదే ఉంటుంది. నది అందులోకి వచ్చేది ఆటుపోట్లు తగిలే మేరకే. ఆ పైన పెన్న ఉందో లేదో ఆ పటానికి పట్టదు.

మూడోది 2004 డిసెంబరు 26 సునామీ. ఆ తర్వాత 2007లో హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్‌లో హెచ్చరికల కేంద్రం పెట్టారు. 1999లో మొదలైన ఈ సంస్థ సముద్రం పైనీటి వేడి, నీటిలోని పచ్చదనం ఉపగ్రహంతో చూసి, చేపలు ఎటువైపు ఉండొచ్చో మత్స్యకారులకు చెబుతుంది. 2020 డిసెంబరులో డిజిటల్ ఓషన్ పేరుతో సముద్రపు డేటాను ఒకే వేదిక మీదికి తెచ్చింది. సముద్రం లేని హైదరాబాదుకు అంత పని ఉంటే కడపకు ఎందుకుండదు?

ఇక మన వైపు చూద్దాం. 2021 నవంబరు 19 తెల్లవారుజామున బంగాళాఖాతంలోని వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. దివిసీమ ఉప్పెన వచ్చిందీ నవంబరు 19నే, 1977లో. తేదీ కలవడం కాకతాళీయమే అనుకోండి. ఆ వాన శేషాచలం, పాలకొండల మీద కుమ్మరించింది. పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీళ్లు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టులోకి దూకాయి. మట్టికట్ట కొట్టుకుపోయింది. రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మీదుగా ఏరు పారింది. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి, పంట చేలల్లో అడుగుల మందాన ఇసుక మేట వేసింది. అదే నీరు పెన్నలో కలిసింది. అప్పటికే నిండుగా ఉన్న సోమశిల నుంచి కిందికి వదిలారు. నెల్లూరు జిల్లాలో కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది.

సముద్రంలో పుట్టిన వాన కడపలో కురిసి, ఏరై మళ్లీ సముద్రం దారి పట్టింది. మధ్యలో ఏ పటంలోనూ అది ఒకే కథగా లేదు. వాయుగుండం ఒక శాఖది, కట్ట ఇంకొక శాఖది, మేట వేసిన చేలు రెవెన్యూవి, హైవే మరొకరిది.

ఇసుకదీ అదే దారి. పెన్న నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడుస్తుంది. చిత్రావతి, కుందూ, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు కలిసేది మన సీమలోనే. నెల్లూరు తీరానికి చేరాల్సిన ఇసుకలో ఎక్కువ భాగం ఇక్కడి కొండల నుంచి అరిగి వచ్చేదే. నది తెచ్చి పోసే ఇసుకను అలలు ఒడ్డు వెంబడి లాక్కెళ్లి పరుస్తుంటాయి. రాక తగ్గితే అలలు ఒడ్డునే తినడం మొదలుపెడతాయి. దారిలో గండికోట, మైలవరం, 78 టీఎంసీల సోమశిల ఉన్నాయి. నెల్లూరు, సంగం దగ్గర పాత ఆనకట్టల చోట 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. ప్రతి చోటా కొంత ఇసుక ఆగుతుంది, మిగిలింది ఇసుక తవ్వే రీచ్‌లలో ట్రాక్టర్లకు ఎక్కుతుంది. దేశంలో 1990-2018 మధ్య మూడో వంతు తీరం కోతకు గురైందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క కట్టింది. కోత పటం ఉంది. దాని పక్కన మైలవరం పూడిక లెక్కా, సిద్ధవటం దిగువ రీచ్‌ల లెక్కా పెట్టి చూసే వీలు లేదు.

పటం పక్కన ఊరి మాట పెట్టడం కడపకు కొత్తేమీ కాదు. 1800లో రాయలసీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ఇక్కడ సర్వే చేసిన కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయంతో ఊరూరి కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించాడు. చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరిది అన్నవి కరణాలు చెబితే రాసుకున్నారు. ఆయనే 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ పద్ధతిని తర్వాతి సర్వేలు వదిలేసి సర్వే నంబర్లు, పొలాల కొలతల పుస్తకాలైన ఎఫ్‌ఎంబీలు మిగుల్చుకున్నాయి. నా మటుకు నాకు, కొత్త అట్లాసుకు ఉపగ్రహ చిత్రాల కంటే ఈ లోటే పెద్దది. సోమశిల నీళ్లు ఏ ఏడాది ఎక్కడిదాకా ఎక్కాయో ఒంటిమిట్ట, నందలూరు వైపు ముంపు గ్రామాల వాళ్లకు తెలుసు. పెన్న మొగ ఎటు జరిగిందో నెల్లూరు తీరంలోని ఊటుకూరు చేపల వేటగాళ్లకు తెలుసు. ఇద్దరి మాటా నమోదయ్యే గడి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పెట్టొచ్చు.

ప్రజాధనంతో తయారైన భౌగోళిక సమాచారం అందరికీ సులువుగా దొరకాలని 2022 డిసెంబరు నాటి జాతీయ జియోస్పేషియల్ విధానం చెబుతోంది. దాని ప్రకారం చూసినా జలాశయాల పూడిక సర్వేలు, రీచ్‌ల వారీ ఇసుక తవ్వకాల లెక్కలు, తీరం కోత పటాలు మూడూ ఆ కోవలోవే. జలవనరులు, గనులు, పర్యావరణ శాఖలు వాటిని ఒకే స్కేలులోకి, ఒకే తేదీల క్రమంలోకి తేవాలి. కడప, నెల్లూరు కలెక్టరేట్లు కలిసి అడిగితే పెన్న ఒక్కదానితోనైనా ఈ పని మొదలుపెట్టొచ్చు.