డిబేట్‌లో మీకిచ్చిన ప్రశ్న గురించి

ప్రియమైన పిల్లలకు,

'దేశ భద్రత ముఖ్యమా, వ్యక్తిగత గోప్యత ముఖ్యమా' అన్న అంశం మీద ఇద్దరూ చెరో పక్షం పట్టి బాగా వాదించారు. కానీ ఆ ప్రశ్నే నాకు మింగుడుపడలేదు. రెండూ ఒకే తక్కెడకు చెరో పళ్లెం, ఒకటి లేవాలంటే రెండోది దిగాల్సిందే అన్నట్టుంది. కంప్యూటర్ల లోకంలో చాలాసార్లు రెండూ కలిసే మునుగుతాయి.

గ్రీస్‌లో జరిగింది చెప్తాను. నేరస్థుల ఫోన్లు చట్టప్రకారం వినడానికి ఫోన్ కంపెనీల స్విచ్‌లలో (కాల్స్‌ను కలిపే కంప్యూటర్లలో) ఒక సదుపాయం ఉంటుంది. 2004లో ఎవరో గుట్టుగా అక్కడి ఒక కంపెనీ స్విచ్‌లలోకి దూరి, ఆ సదుపాయాన్నే వాడుకుని వందకు పైగా ఫోన్లను నెలల తరబడి విన్నారు. అందులో ఆ దేశ ప్రధానమంత్రి ఫోన్ కూడా ఉంది! 2005లో గానీ కంపెనీకి సంగతి తెలియలేదు. అక్కడ పోయింది ఒక మనిషి గోప్యతా, దేశ భద్రతా? విడదీసి చెప్పగలరా?

అందుకే, ఎన్‌క్రిప్షన్ ఉన్న మెసేజ్‌లు (తాళంచెవి ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేకుండా గణితంతో మార్చేసినవి) చదవడానికి ప్రభుత్వానికి మాత్రం ఒక మారుతాళం ఇవ్వాలని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది. ఆ తాళం పట్టుకొచ్చింది పోలీసో దొంగో గణితానికి తెలియదు.

లోపాలను దాచిపెట్టడమూ ఇలాంటిదే. విండోస్‌లో ఒక లోపం కనిపెట్టిన అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ, దాన్ని తన పనికి వాడుకుంటూ చాలాకాలం బయటికి చెప్పలేదు. చివరికి ఆ లోపం గుండా చొరబడడానికి అది చేసుకున్న సాధనం ఎవరి చేతికో చిక్కి, 2017 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. మే 12న దాని సాయంతోనే, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పాకింది. మార్చిలోనే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చినా, అది వేసుకోని కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, అంబులెన్సులను దారి మళ్లించారు.

అలాగని ప్రభుత్వం కళ్లు మూసుకోవాలని నేననను. 2015 డిసెంబర్‌లో ఉక్రెయిన్ విద్యుత్ సంస్థల కంప్యూటర్ల మీద దాడి జరిగి, రెండు లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. కాపలా ఉండాల్సిందే. కాకపోతే ఏ యంత్రం ఏ యంత్రంతో ఎప్పుడు మాట్లాడిందో చూస్తే చాలా దాడులు పట్టుబడతాయి, మీ ఉత్తరాలు చదవక్కర్లేదు. (ఆ వివరాలూ తక్కువవి కావు. ఎవరు ఏ డాక్టర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేశారో తెలిస్తే లోపలి మాట వినకపోయినా సగం తెలిసిపోతుంది.) కాబట్టి ఫలానా మనిషి మీద, ఫలానా గడువు వరకు అని జడ్జి రాసిచ్చిన అనుమతి ఉండాలి. ఎవరు చూశారో నమోదు కావాలి. పని అయ్యాక చెరిపేయాలి.

ఈ చెరిపేయడం దగ్గరే నేను చాలా పట్టుదలగా ఉంటాను. అమెరికా ప్రభుత్వ సిబ్బంది వివరాలు దాచే కార్యాలయం నుంచి 2 కోట్ల 15 లక్షల మంది సమాచారం దొంగల పాలైనట్టు 2015లో తేలింది. 56 లక్షల మంది వేలిముద్రలూ పోయాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలిముద్రనేం చేస్తాం?

ఒక్కచోట మాత్రం నాకూ మనసు ఆగదు. ఎవరో ఒక పిల్లను ఎత్తుకుపోయారు, దొరికిన ఫోన్ తెరుచుకోవడం లేదు అనుకోండి. ఆ తల్లికి మారుతాళం వద్దని నేనెలా చెప్పగలను? మీరైతే ఏం చెప్తారో రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య