ఎనుమాముల గోలలో జెండా పాట

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తే ముందు ఘాటుకు తుమ్ములొస్తాయి, ఆ వెంటనే గోల చుట్టుముడుతుంది. హమాలీల కేకలు, కాంటా దగ్గర వాదులాట, బండ్ల హారన్లు. అంత గోలలోనూ జెండా పాట, అంటే ఆ రోజు మిర్చి ధర పలికే వేలం, ఎంత పలుకుతోందో రైతు ఒక్క అంకె కూడా వదలకుండా వింటాడు. పక్కనున్నాయన బిడ్డ పెండ్లి ముచ్చట చెప్తుంటే ఊ కొడుతూనే ఉంటాడు గానీ, అందులో ఒక్క ముక్కా చెవికెక్కదు.

గోలలో ఒక్క మాటనే పట్టుకునే ఈ శక్తినే 1953లో బ్రిటన్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ పరీక్షించాడు. హెడ్‌ఫోన్లు పెట్టి రెండు చెవుల్లో రెండు వేర్వేరు మాటలు వినిపిస్తూ, ఒక చెవిలో వచ్చేది వెంటవెంటనే పలకమన్నాడు. రెండో చెవిలో ఏం చెప్పారని అడిగితే జవాబు లేదు. అది ఏ భాషో కూడా గట్టిగా చెప్పలేకపోయారు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం పసిగట్టారు.

మరి రెండో చెవి మాట మెదడు గుమ్మం దగ్గరే ఆగిపోతోందా? లేదు. 1959లో మనస్తత్వ శాస్త్రవేత్త నెవిల్ మొరే ఆ రెండో చెవిలో వినేవాళ్ల సొంత పేరే చొప్పిస్తే, దాదాపు మూడో వంతు మంది పట్టేశారు. వద్దనుకున్న మాటను మెదడు పూర్తిగా మూసేయదు, దాని బలం తగ్గిస్తుందంతే అని మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఆన్ ట్రీస్మన్ వివరించింది. మన పేరులాంటి మాట లేవడానికి ఆ మిగిలిన కాస్త బలం చాలు.

నన్ను అన్నిటికంటే అబ్బురపరిచేది 2012 నాటి పరిశోధన. మూర్ఛ వ్యాధి చికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులకు కాలిఫోర్నియాలో నీమా మెస్గరానీ, ఎడ్వర్డ్ చాంగ్ రెండు గొంతులు కలిపి వినిపించారు. చెవిలో పడ్డవి రెండూ. శబ్దాన్ని గ్రహించే మెదడు భాగంలో నమోదైన సంకేతాలు చూస్తే మాత్రం, రోగి శ్రద్ధ పెట్టిన మనిషి ఒక్కడే మాట్లాడుతున్నట్టుంది! అంటే మనం అర్థం చేసుకునే లోపే ఎంపిక జరిగిపోతోంది.

ఈ ఎంపిక కంటికీ వర్తిస్తుంది, నాకు భయం అక్కడే. కరీంనగర్ రోడ్డు మీద బ్లూటూత్‌లో మాట్లాడుతూ కారు నడిపేవాళ్లు ‘చేతులు ఖాళీగానే ఉన్నయి కదా’ అంటారు. అమెరికాలో పరిశోధకుడు డేవిడ్ స్ట్రేయర్ బృందం సిమ్యులేటర్‌లో, అంటే తెర మీద రోడ్డు చూపే ఉత్తుత్తి కారులో, ఇదే చూసింది. ఫోన్ మాట్లాడే డ్రైవర్ల చూపు దారి పక్క బోర్డుల మీద సూటిగానే పడింది, కానీ తర్వాత అడిగితే చాలా బోర్డులు గుర్తుపట్టలేదు. ఖాళీ లేనిది చేతులకు కాదు, మెదడుకు. హ్యాండ్స్‌ఫ్రీ ఉంటే భయం లేదన్న నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది.

పక్క సీట్లో మనిషితో మాట్లాడినా ఇంతేనా? అదే బృందం 2008లో ఫలానా చోట రోడ్డు దిగాలని ముందే చెప్పి నడిపిస్తే, ఫోన్‌లో ఉన్నవాళ్లలో సగం మంది ఆ చోటు దాటిపోయారు. పక్కన మనిషి ఉన్నవాళ్లలో ఎక్కువ మంది సరిగ్గా దిగారు. పక్కనున్న మనిషికీ రోడ్డు కనిపిస్తుంది కాబట్టి లారీ ఎదురొస్తే మాట ఆపుతాడు, మలుపొస్తే గుర్తు చేస్తాడు. ఫోన్ అవతలి మనిషికి ఆ లారీ సంగతే తెలియదు.