31 జీడిపప్పులు, 214 కోట్ల సెకన్లు

పలాస నుంచి ఎవరొచ్చినా మా ఇంటికి జీడిపప్పు పొట్లం రావాల్సిందే. మొన్న మా మేనల్లుడు గుండు పప్పులన్నీ ఏరి పళ్లెంలో వరసలు పేరుస్తూ కూర్చున్నాడు. 30 పప్పులకి ఏ పేచీ లేదు. ఐదు వరసల్లో ఆరేసి, కాదంటే మూడు వరసల్లో పదేసి. ఇంకొకటి వేసి 31 చేశాక మాత్రం ఎలా పేర్చినా ఏదో ఒక వరస కురచే. ‘‘ఒకే బారుగా తప్ప కుదర్నేదు మావయ్యా’’ అన్నాడు. ప్రధాన సంఖ్య అంటే అంతే.

ఐదు రెళ్లను గుణిస్తే 32, ఒకటి తీస్తే 31. ఇప్పుడు 31 రెళ్లను గుణించి ఒకటి తీయండి. 2147483647 వస్తుంది. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇదీ ప్రధాన సంఖ్యే. అలాగని ప్రతిసారీ ఇలా కలిసిరాదు. 11 రెళ్లను గుణించి ఒకటి తీస్తే వచ్చే 2047ను 23, 89 పంచుకుంటాయి.

ఆ పది అంకెల సంఖ్య ప్రధానమని 1772లో తేల్చినవాడు గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే 46,340 లోపున్న దాదాపు 4,800 ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూడాలి. ఆయన అంత కష్టపడలేదు. దీనికి భాజకమంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. ఈ జల్లెడలో నిలిచే మొదటి ప్రధాన సంఖ్యే 311! అంతకంటే చిన్నవాటిని ముట్టుకోనక్కర్లేదు. పైన కూడా నాలుగు వందల లోపు సంఖ్యలే మిగిలాయి. ఏదీ భాగించలేదు. ఆ తరవాత చాలా ఏళ్ల పాటు మనిషికి తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య ఇదే.

తరవాత లూకా, లేమర్ అనే గణితవేత్తలు, రెళ్లను గుణించి ఒకటి తీసిన ఈ రకం సంఖ్యలకి, భాజకాల కోసం వెతికే పనే లేని పరీక్ష కనిపెట్టారు. నాకైతే ఇది గారడీలా ఉంటుంది. 31తోనే చూడండి. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేయాలి: 14. మళ్లీ అదే పని చేస్తే 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిదెనిమిదులు 64, రెండు తీస్తే 62, అంటే రెండు ముప్పై ఒకట్లు. శేషం సున్నా! 31 ప్రధానమని మూడు అడుగుల్లో తేలిపోయింది. ఆయిలర్ సంఖ్యకైతే 29 అడుగులు. 2047తో చేస్తే చివర్న 1736 మిగులుతుంది. ప్రధానం కాదని తెలుస్తుంది కానీ 23, 89 పేర్లు మాత్రం బయటపడవు.

ఆయిలర్ సంఖ్య కంప్యూటర్లలోనూ ఉంది. 32 బిట్ల (0 గానీ 1 గానీ పట్టే అరల) గడిలో ఒక బిట్టు ప్లస్సా మైనస్సా అన్న గుర్తుకి పోతే, మిగిలిన 31 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య ఇదే. అది ప్రధానం కావడం వట్టి కాకతాళీయం, ఇంజినీర్లు ఏరికోరి పెట్టుకున్నది కాదు. చాలా పాత వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో ఈ గడిలోనే లెక్కపెడతాయి. 2038 జనవరి 19, మంగళవారం. శ్రీకాకుళంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి గడి నిండిపోతుంది. ఈలోగా మార్చకుండా వదిలేసిన యంత్రాల్లో లెక్క మైనస్‌లోకి తిరగబడి, ఆ మరుసటి సెకను 1901 డిసెంబరు.